రైతు బండికీ ఒక పొది ఉండాలి

క్షురకుడికి పొది ఉంటుంది. గీత కార్మికుడికి మోకు, ముస్తాదు ఉంటాయి. వడ్రంగి పనికి బయల్దేరితే ఉలి, బాడిస, రంపం ఉన్న సంచి భుజాన వేసుకునే కదులుతాడు. తాపీ మేస్త్రి మట్టపలక, తూకం గుండు లేకుండా గోడ దగ్గరికి వెళ్లడు. ఒక్క పని చేసే వాళ్లందరికీ పనిముట్లు పెట్టుకోవడానికి ఒక చోటు ఉంది. పొద్దున లేస్తే పది పనులు చేసే రైతుకు మాత్రం లేదు. మోటారు విప్పేది ఆయనే, పైపు అతికేది ఆయనే, స్ప్రేయరు కడిగేది ఆయనే, కంచె బిగించేది ఆయనే. ఆయన పనిముట్లు ఎక్కడున్నాయో వెదికితే పానా పశువుల కొట్టంలో, ప్లేయరు అటక మీద, టెస్టరు పక్కింటాయన దగ్గర, ఫ్యూజు వైరు చొక్కా జేబులో దొరుకుతాయి.

ఎడ్లబండ్లు తిరిగిన రోజుల్లో ఈ ఇబ్బంది ఇంతగా లేదు. కందెన బుడ్డి బండి కిందే వేలాడేది. తాళ్లు, కత్తి, గొడ్డలి బండి తొట్టిలోనే పడి ఉండేవి. బండి కదిలితే సామానంతా కదిలేది. 1972లో లూనా, 1980లో టీవీఎస్ 50, 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక పల్లె నడక మారిపోయింది. ఇవ్వాళ ఎకరం, రెండెకరాల రైతుల్లోనూ చాలామందికి ఎక్సెల్లో, స్ప్లెండరో, ప్లాటినానో ఉంది. ఎడ్లబండి పనంతా దాని నెత్తిన పడింది కాని, ఎడ్లబండికి ఉన్న తొట్టి దానికి రాలేదు. అందుకే హ్యాండిల్‌కు ఒక సంచి, సీటు కింద ఒక మూట, వెనక క్యారియర్‌కు ట్యూబు ముక్కతో కట్టిన పారా, కొడవలీ. ఏ ఊరి పొలం దారిలో చూసినా ఇదే వరస.

తొలకరికి విత్తనం, ఎరువు సమకూర్చుకున్నట్టే ఈ ఏడు ఇంకొక ఏర్పాటు కూడా చేసుకోండి. బండి వెనక క్యారియర్ మీద పనిముట్ల పెట్టె పెట్టించుకోండి. అదీ బండికి శాశ్వతంగా అంటుకుపోయే పెద్ద పెట్టె కాదు. కావలసినది తగిలించుకుని, అక్కర్లేనిది ఇంట్లో దించిపెట్టే చిన్న చిన్న పెట్టెలు. ఇది సోకు కోసం చెప్పే మాట కాదు. చిన్న రైతు పనిగంటలు, ఒక్కోసారి ప్రాణం కూడా, దీనితో ముడిపడి ఉన్నాయి.

పానా కోసం పోయిన పొద్దు

పొలం ఊరికి మూడు కిలోమీటర్లు అనుకుందాం. మిరప తోటకు నీళ్లు పెడదామని వెళ్లారు. స్టార్టరు నొక్కితే మోటారు మూలిగింది, తిరగలేదు. ఫ్యూజు కాలింది. లేదా డ్రిప్పు సబ్‌మెయిను దగ్గర జాయింటు ఊడి నీళ్లన్నీ ఒక్క చోటే మడుగు కట్టాయి. పని చూస్తే పది నిమిషాలది. కాని చేతిలో పనిముట్టు లేదు. ఊళ్లోకి వచ్చి, వెదికి, పక్కింటాయన్ని అడిగి తీసుకుని తిరిగి వెళ్లేసరికి గంట దాటింది. ఆ గంటలో కరెంటు పోతే ఆ రోజు తడి అంతటితో సరి.

వారానికి రెండుసార్లు ఇలా జరిగినా రానూ పోనూ పన్నెండు కిలోమీటర్లు. నాలుగు నెలల పంటకాలానికి రెండు వందల కిలోమీటర్లు. లీటరుకు 50 కిలోమీటర్ల చొప్పున లెక్కేస్తే పెట్రోలు నాలుగు లీటర్లే. కాని పోయింది పెట్రోలు ఒక్కటే కాదు. కరెంటున్న గంటలు పోయాయి, పూత మీద ఉన్న పైరుకు అందాల్సిన తడి పోయింది, పనిలోకి వచ్చిన కూలీలు గట్టు మీద కూర్చున్న పూట పోయింది. ఈ లెక్క ఎవరి ఖర్చుల పుస్తకంలోనూ ఎక్కదు. ఎక్కదు కాబట్టే ఏటా జరుగుతూనే ఉంటుంది.

ఇంకో నష్టం ఇంతకంటే చెడ్డది. పనిముట్టు లేనప్పుడు మనవాళ్లు ఊరుకోరు. ఉన్నదానితోనే పని కానిచ్చేస్తారు. వైరు తొడుగు పళ్లతో కొరికి లాగుతారు. టెస్టరు లేక వేలి వెనక భాగంతో తాకి చూస్తారు. ఫ్యూజు వైరు లేక చేతికి దొరికిన లావుపాటి తీగ చుట్టేస్తారు. తడి మడిలో, ఉత్త కాళ్లతో, ఈ పనులన్నీ. ప్రమాదానికి ఇంతకంటే పిలుపు అక్కర్లేదు.

తాడుతో కట్టేస్తే సరిపోదా?

ఏముందిలే, తాడుతో కట్టేస్తే సరిపోతుంది అనే వాళ్లు చాలామంది ఉన్నారు. సరిపోదు. పార కర్ర అడ్డంగా కడితే బండి వెడల్పు రెండింతలవుతుంది. ఎదురొచ్చే వాడికి చీకట్లో మీ దీపమే కనిపిస్తుంది కాని కర్ర చివర కనిపించదు. నిలువుగా కడితే వెనక వచ్చే వాడి మొహానికి ఎదురుగా ఉంటుంది. హ్యాండిల్‌కు తగిలించిన సంచి మలుపులో ఊగి చేతికి అడ్డం పడుతుంది, బ్రేకు పట్టనివ్వదు. పాత ట్యూబు ముక్క ఎండకు పగిలి, నల్లరేగడి దారి కుదుపులకు ఎప్పుడో తెగుతుంది. తెగిన తాడు కొస వెనక చక్రంలో పడితే బండి ఉన్న చోటే పడిపోతుంది. వెనక ఇంటావిడ కూర్చుని ఉంటే, పక్కనే కొక్కెంలా వంగిన కొడవలి ఉంటే, చిన్న జారుడు కూడా ఆస్పత్రి దాకా తీసుకువెళ్తుంది.

కొడవలి, కత్తి తప్పనిసరిగా తీసుకెళ్లాల్సిందే కాబట్టి వాటికి తొడుగు చేయండి. పాత నీళ్ల గొట్టం ముక్కను నిలువునా చీల్చి కక్కుల మీద తొడిగి, పైన రబ్బరు బిగిస్తే చాలు. పార, పలుగు లాంటి పొడుగు కర్రల పనిముట్లు ఏ పెట్టెలోనూ పట్టవు, పట్టించాలని చూడొద్దు. ఒక జత మోటారు షెడ్డులోనే ఉంచి తాళం వేసుకోండి. ఆ వీలు లేకపోతే కర్ర పొలంలో ఉంచి, పార రేకు ఒక్కటి గోనెగుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. కర్రను ఎవరూ ఎత్తుకుపోరు.

ఒక పెద్ద పెట్టె ఎందుకు కాదు?

కొందరు రైతులు ఉత్సాహంగా వెల్డింగు షాపుకు వెళ్లి, క్యారియర్ మీద పెద్ద రేకు పెట్టె కదలకుండా అతికిస్తారు. నెల తిరిగేసరికి ఆ పెట్టె కొట్టం మూలన కోళ్లగూడుగా మారుతుంది. కారణం మరేం లేదు. మన బండి ఒక్క పని చేసే బండి కాదు. తెల్లవారి పాల క్యాను మోయాలి. ఎనిమిదింటికి ఇంటావిడను చేనికి తీసుకెళ్లాలి. మధ్యాహ్నం ఎరువు బస్తా, సాయంత్రం పచ్చిగడ్డి మోపు, ఆదివారం సంత. ఇన్ని పనుల్లో పెద్ద పెట్టె అడుగడుగునా అడ్డమే.

అందుకే ఏర్పాటు రెండు భాగాలుగా ఉండాలి. బండికి బోల్టులతో బిగించే పలక ఒకటి. దాని మీద కూర్చుని కొక్కేలతో పట్టుకునే చిన్న పెట్టెలు రెండో మూడో. పలక బండి మీదే ఉంటుంది. పెట్టె ఏ రోజు పనిని బట్టి ఆ రోజు ఎక్కుతుంది. పట్నాల్లో మెకానిక్కులు, ఎలక్ట్రీషియన్లు ఒకదాని మీద ఒకటి తగులుకునే ప్లాస్టిక్ పెట్టెలు వాడుతున్నారు. కంపెనీలు వాటిని మాడ్యులర్ బాక్సులని అమ్ముతున్నాయి. అవి మన క్యారియర్‌కు పెద్దవి, మన జేబుకు బరువు. వాటిని కొనమని చెప్పడం లేదు. వాటిలోని ఉపాయం తీసుకుంటే చాలు.

ఏ పెట్టెలో ఏముండాలి?

పనిని బట్టి పంచుకోండి. మెట్ట, మాగాణి రెండూ ఉన్న రైతుకు కూడా మూడు పెట్టెలు మించి అక్కర్లేదు.

మొదటిది మోటారు పెట్టె. అందులో మీ మోటారు బోల్టులకు సరిపోయే పానాలు నాలుగు, రెండు రకాల స్క్రూడ్రైవర్లు, పిడికి మందపాటి తొడుగున్న కటింగ్ ప్లేయరు, టెస్టరు, ఇన్సులేషన్ టేపు, మీ మోటారుకు తగిన ఫ్యూజు వైరు, ఒక జత రబ్బరు చేతితొడుగులు, చిన్న టార్చి లైటు. పానాల సెట్టు మొత్తం మోయొద్దు. ఒకసారి మోటారు దగ్గర కూర్చుని ఏ బోల్టుకు ఏ నంబరు పట్టిందో చూసి, ఆ నంబర్లే పెట్టుకోండి.

రెండోది నీళ్ల పెట్టె. డ్రిప్పు ఉన్నవాళ్లకు జాయినర్లు, గ్రోమెట్లు, టేకాఫ్‌లు, ఎండ్ క్యాపులు గుప్పెడు గుప్పెడు, రంధ్రం చేసే పంచి, పాత టూత్‌బ్రష్షు, ఫిల్టరు వాసరు. డ్రిప్పు లేనివాళ్లకు హాక్సా బ్లేడు, పీవీసీ గమ్ము, గొట్టం క్లాంపులు, కొంచెం సైకిల్ ట్యూబు రబ్బరు. ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం పథకం 2003లో మొదలైనప్పటి నుంచి చాలా చేలల్లో డ్రిప్పు పరిచారు. పది రూపాయల జాయినరు చేతిలో లేక వరసకు వరస ఎండబెట్టుకున్న చేలూ ఉన్నాయి.

మూడోది చేను పెట్టె. స్ప్రేయరు నాజిళ్లు, వాసర్లు, ఓరింగులు, నాజిలు కడిగే బ్రష్షు, తొడుగేసిన కొడవలి, కత్తెర, పురికొస, జీఐ తీగ చుట్ట, దెబ్బ తగిలితే కట్టుకునే శుభ్రమైన గుడ్డ, దూది. ఇందులో స్ప్రేయరు భాగాలు ఉంటాయి కాని మందు ఉండదు. ఆ సంగతి కింద విడిగా చెప్పుకుందాం.

పెట్టె మూత మీద రంగుతో ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు గీయండి. చదువు రాని జీతగాడిని పంపినా, చిన్న పిల్లవాడిని పంపినా రెండు గీతల పెట్టె పట్రా అంటే పట్టుకొస్తాడు. లోపల సామాను కింద గోనెగుడ్డ పరిస్తే చప్పుడు ఉండదు, పానాలు ఒకదానికొకటి ఒరుసుకోవు.

బిగింపులోనే ఉంది కిటుకు

పలకకు 12 మిల్లీమీటర్ల వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ చాలు. ఒక అడుగు పొడవు, ముప్పావు అడుగు వెడల్పు సరిపోతుంది. అదే కొలత 3 మిల్లీమీటర్ల ఇనప రేకు అయితే కిలోన్నర పైచిలుకు తూగుతుంది. చెక్క అర కిలోకు కొంచెం అటూ ఇటూ. ఉత్త పుణ్యానికి కిలో బరువు ఎందుకు మోయాలి? చెక్క అంచులకు రెండు పూతలు ఆయిల్ పెయింటు వేస్తే వానకు ఉబ్బదు.

పలకను క్యారియర్ చువ్వలకు నాలుగు యూ బోల్టులతో బిగించండి. చువ్వకూ పలకకూ మధ్య పాత ట్యూబు ముక్క పెట్టండి. కుదుపు తగ్గుతుంది, రంగు లేవదు, తుప్పు పట్టదు. ప్రతి బోల్టుకూ వెడల్పాటి వాసరు, లోపల నైలాన్ పట్టీ ఉన్న నట్టు వాడండి. మామూలు నట్టు అయితే మన దారుల కుదుపులకు వారంలో వదులవుతుంది.

పెట్టె అడుగున రెండు చెక్క పట్టీలు, పలక మీద వాటికి సరిపోయే రెండు గాళ్లు ఉంటే పెట్టె పక్కలకు జరగదు. పైకి లేవకుండా రెండు పక్కలా కొక్కేలు, లేదా పెట్టె లోపలి నుంచి పలకలోకి దిగే ఒక బోల్టు, దానికి చేత్తో తిప్పే రెక్కల నట్టు. అప్పుడు పానా అవసరం లేకుండానే ఎక్కించవచ్చు, దించవచ్చు. పెట్టె అడుగున బోల్టు దిగే చోట లోపలా బయటా వెడల్పు వాసరు వేయాలి, లేకపోతే ప్లాస్టిక్ చిరిగిపోతుంది. ఒక మూల చిన్న రంధ్రం చేస్తే వాన నీళ్లు నిలవవు.

పెట్టె కొత్తదే కానక్కర్లేదు. గట్టి మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, బిస్కెట్ల రేకు డబ్బా, పాత బ్యాటరీ పెట్టె, పిల్లల పాత రేకు పెట్టె, ఏదైనా సరే. పల్నాడు ఎండకు పలచటి ప్లాస్టిక్ రెండేళ్లలో పెళుసెక్కుతుంది కాబట్టి మందం చూసి తీసుకోండి. పురుగుమందు ఖాళీ డబ్బాలు మాత్రం ఎంత గట్టిగా ఉన్నా వాడొద్దు.

బిగించాక పరీక్ష ఒకటే. పెట్టెను రెండు చేతులా పట్టుకుని గట్టిగా ఊపండి. బండి మొత్తం ఊగాలి. పెట్టె విడిగా ఊగితే బిగింపు చాలనట్టే. మొదటి 50 కిలోమీటర్లు తిరిగాక నట్లన్నీ మళ్లీ బిగించండి. ఆ తర్వాత వారానికోసారి బండి కడిగేటప్పుడు క్యారియర్ అతుకుల దగ్గర వెంట్రుకవాసి పగులు ఏమైనా ఉందేమో చూడండి. క్యారియర్ ఉన్నట్టుండి విరగదు. ముందు పగిలి, ఆ తర్వాతే విరుగుతుంది.

ఏతం ఎరిగిన వాళ్లకు ఈ లెక్క తెలుసు

ఏతం తొక్కే మనిషి మాను వెనక కొసకు నడిస్తే ముందున్న బాన పైకి లేస్తుంది. మోటారు సైకిలు కూడా అంతే. వెనక చక్రం ఇరుసు దాని మొగ్గు. ఇరుసుకు మూరెడు వెనక 10 కిలోల బరువు పెడితే ముందు చక్రం మీద మూడు కిలోల పైచిలుకు బరువు తగ్గిపోతుంది. దానికి తోడు వెనక మనిషి కూర్చుంటే ముందు చక్రం ఇంకా తేలికవుతుంది. కాలువ గట్టు ఎక్కేటప్పుడు హ్యాండిల్ చేతిలో తేలిపోయినట్టు ఉండేది అందుకే. బరువు ఎంత అన్నదే కాదు, ఎక్కడ పెట్టామన్నదీ చూసుకోవాలి.

కాబట్టి ఒక్కో పెట్టె సామానుతో కలిపి 5 కిలోలు దాటనివ్వకండి. ఒకదాని మీద ఒకటి రెండు పెట్టెలే, మూడోది వద్దు. బరువైనది కింద, తేలికైనది పైన. పెట్టెలోనూ పానాలు సీటు వైపు, దూది, పురికొస వెనక వైపు. కొన్ని బండ్ల క్యారియర్ మీదా, బండితో ఇచ్చిన పుస్తకంలోనూ ఎన్ని కిలోలు పెట్టవచ్చో అంకె ఉంటుంది. అది పై లెక్క కంటే తక్కువైతే ఆ అంకే మీకు హద్దు.

బండి మోసే మొత్తం బరువు అంటే మనిషితో కలిపి అని మరిచిపోవద్దు. పుస్తకంలో 130 కిలోలు అని ఉందనుకోండి. మీరు 65, ఇంటావిడ 50. ఇక మిగిలింది 15. అందులోనే పెట్టె, అందులోనే పాల క్యాను. రెండూ ఒకేసారి కుదరవని లెక్కే చెబుతోంది. ఎక్సెల్ లాంటి బండ్లకు ముందు కాళ్ల దగ్గర చదును చోటు ఉంది. బరువైన పెట్టె ఒక్కటే ఉంటే, కాళ్లకూ బ్రేకుకూ అడ్డం రాకుండా అక్కడ పెట్టి కట్టుకోవడం వెనక పెట్టడం కంటే మేలు. బరువుతో వెళ్లే రోజు వెనక టైరులో గాలి పుస్తకంలో చెప్పినంత ఉందో లేదో చూసుకోవాలి.

మందు డబ్బాకు ఇందులో చోటు లేదు

ఎంత చెప్పినా చాలనిది ఈ సంగతి. పనిముట్ల పెట్టె ఉంది కదా అని పురుగుమందు సీసా అందులో పడేస్తారు. అదే పెట్టెలో అన్నం క్యారేజీ, అదే పెట్టెలో మంచినీళ్ల సీసా. దారిలో మూత వదులై నాలుగు చుక్కలు కారితే చాలు. కారింది కనిపించదు. పానా పిడికి అంటుతుంది, గుడ్డకు అంటుతుంది, గుడ్డ నుంచి చేతికి, చేతి నుంచి ముద్దకు. మందు తినే పదార్థాలకు గాని, పశువుల దాణాకు గాని తగిలేలా రవాణా చేయకూడదని 1971 నాటి పురుగుమందుల నిబంధనలే చెబుతున్నాయి. ఆ నిబంధన లారీలకూ దుకాణాలకూ మాత్రమే అనుకోవద్దు. విషానికి లారీ, మోపెడు అన్న తేడా లేదు.

2013 జులైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో మోనోక్రోటోఫాస్ కలిసిన మధ్యాహ్న భోజనం తిని 23 మంది బడిపిల్లలు చనిపోయారు. విషం, తిండి ఒకచోట చేరితే ఏమవుతుందో అంతకంటే వేరే చెప్పనక్కర్లేదు.

మందు తెచ్చే రోజు వేరే డబ్బా పెట్టుకోండి. మూత బిగుతుగా ఉండాలి. మూత మీద ఎర్ర రంగుతో గుర్తు వేయండి. సీసా నిలువుగా నిలబడాలి. అడుగున ఇసుకో, రంపపు పొట్టో పోస్తే కారినా పీల్చుకుంటుంది. ఆ డబ్బా మరి దేనికీ వాడకూడదు, ఇంట్లోకి రాకూడదు, పిల్లల చేతికి అందకూడదు. అన్నం క్యారేజీ ఆ రోజు బండికి ముందు వైపు, వీలైతే ఇంకొకరి బండి మీద. ఈ ఒక్క నియమం పాటించలేని వాళ్లు అసలు పెట్టె పెట్టించుకోకపోవడమే నయం.

పెట్టె ఉందని స్తంభం ఎక్కొద్దు

ఇంకో హెచ్చరిక. చేతిలో ప్లేయరు, టెస్టరు ఉంటే ధైర్యం పెరుగుతుంది. ఆ ధైర్యం స్టార్టరు పెట్టె దగ్గరే ఆగిపోవాలి. అదీ మెయిన్ స్విచ్ దించి, టెస్టరుతో చూసి, కాళ్లకు చెప్పులు వేసుకుని, పొడి చోట నిలబడ్డాక. ట్రాన్స్‌ఫార్మరు దిమ్మె, దాని మీది ఫ్యూజులు, స్తంభం, తెగిపడిన తీగ మన పని కాదు. ట్రాన్స్‌ఫార్మరుకు వచ్చే లైను 11 వేల వోల్టులది. దాన్ని ప్లేయరు తొడుగూ ఆపలేదు, రబ్బరు చెప్పూ ఆపలేదు. లైన్‌మన్ రావడం ఆలస్యమైతే 1912కు ఫోన్ చేయండి, మళ్లీ చేయండి, పదిమంది కలిసి చేయండి. తడి ఒక పూట తప్పితే పైరు కోలుకుంటుంది. ఇంటి పెద్ద పోతే ఆ ఇల్లు కోలుకోవడానికి ఒక తరం పడుతుంది.

చట్టం ఏమంటోంది?

బండికి పెట్టె పెడితే పోలీసులు పట్టుకుంటారేమో అన్న సందేహం కొందరికి ఉంది. 2020లో కేంద్ర ప్రభుత్వం మోటారు వాహనాల నిబంధనలు సవరించి, ద్విచక్ర వాహనానికి తేలికపాటి పెట్టె పెట్టుకోవడానికి కొలతలు ఇచ్చింది. పొడవు 550 మిల్లీమీటర్లు, వెడల్పు 510, ఎత్తు 500 దాటకూడదు. వెనక మనిషి కూర్చునే చోట పెట్టె పెడితే బండి మీద నడిపే మనిషి ఒక్కడే ఉండాలి. మనం చెప్పుకున్న పెట్టెలు ఈ కొలతల్లో సగానికి కూడా రావు.

కాని బండి చట్రాన్ని కోయడం, పొడిగించడం, దానికి ఇనుము అతకడం వేరే సంగతి. రిజిస్ట్రేషన్ వివరాలకూ కంపెనీ ఇచ్చిన కొలతలకూ తేడా వచ్చేలా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు. పైగా వెల్డింగు వేడికి చట్రం బలం తగ్గుతుంది. అందుకే బోల్టు బిగింపే మంచిది. వెనక ఎర్ర దీపం, ఇండికేటర్లు, నంబరు ప్లేటు పెట్టె చాటున పడకూడదు. రాత్రిపూట మోటారు వేయడానికి వెళ్లే బండికి వెనక దీపమే రక్ష. పెట్టె వెనక వైపు వెలుగు పడితే మెరిసే ఎర్ర స్టిక్కరు అంటిస్తే ఇంకా మంచిది. హెల్మెట్ సంగతి మళ్లీ చెప్పాలా? పొలం దారే కదా అనుకున్న చోటే తల పగిలేది.

ఖర్చు, దొంగలు, నామోషీ

ఖర్చెంత అంటారా? పాత డబ్బాలు వాడుకుని, చెక్క, బోల్టులు, కొక్కేలు కొనుక్కుంటే రెండు మూడు రోజుల కూలి డబ్బుతో తేలిపోతుంది. పనిముట్లు ఎలాగూ ఇంట్లో తలో మూలా ఉన్నవే. నలుగురైదుగురు రైతులు కలిసి ఒకే వడ్రంగి దగ్గర చేయిస్తే ఇంకా కలిసొస్తుంది. అన్ని బండ్ల పలకలూ ఒకే కొలతలో ఉంటే ఒకరి పెట్టె ఇంకొకరి బండికి ఎక్కుతుంది. ఆరు ఇళ్లకు పీవీసీ పని సామాను పెట్టె ఒక్కటి చాలు. విడదీసే పెట్టెల్లో ఉన్న అసలు లాభం ఇదే.

దొంగలెత్తుకుపోతారు అనే వాళ్లకు జవాబు తేలిక. పెట్టె బండి మీద వదిలేయడానికి కాదు. గట్టు దగ్గర బండి ఆపితే పెట్టె మీతో పాటు చేలోకి వస్తుంది, సాయంత్రం ఇంట్లోకి వస్తుంది. బండి మీద మిగిలేది ఖాళీ పలక. దాన్ని ఎవరు ఎత్తుకుపోతారు?

ఇక నామోషీ. పెట్టె కట్టుకు తిరగడానికి మనమేమన్నా మెకానిక్కులమా అని పడుచు రైతులు కొందరు మొహమాటపడుతున్నారు. రైతు మెకానిక్కు కాకపోతే ఇవ్వాళ సేద్యం ఎవరు చేస్తున్నట్టు? మోటారు, స్ప్రేయరు, డ్రిప్పు, కలుపు తీసే యంత్రం, అన్నీ ఇనుముతో కూడిన సేద్యమే అయ్యాక, పనిముట్టు చేతిలో ఉన్నవాడే నిజమైన రైతు.

ప్రభుత్వానికీ ఒక మాట. కేంద్రం 2014-15లో వ్యవసాయ యాంత్రీకరణ ఉప పథకం తెచ్చాక పెద్ద యంత్రాల గురించి చాలా మాట్లాడుకుంటున్నాం. యంత్రం ఇచ్చినప్పుడు దాన్ని విప్పి బిగించే నాలుగు పానాలు, అవి పెట్టుకునే ఒక పెట్టె కూడా రైతు చేతికి ఇస్తే ఆ యంత్రం ఇంకో రెండేళ్లు బతుకుతుంది. డ్రిప్పు ఇచ్చే కంపెనీలు గుప్పెడు జాయినర్లు కవరులో పోసి ఇవ్వడం కాకుండా మూతున్న డబ్బాలో ఇవ్వవచ్చు. సహకార సంఘాలు ఒకే కొలత పలకలు, పెట్టెలు పది పదిహేను చేయించి ఉంచితే చూసిన వాళ్లు చేయించుకుంటారు. ఇవేవీ కోట్లు ఖర్చయ్యే పనులు కావు.

వాళ్లు చేసేదాకా ఆగనక్కర్లేదు. వచ్చే ఆదివారం ఒక పూట కేటాయించండి. ఇంట్లో, కొట్టంలో, అటక మీద ఉన్న పనిముట్లన్నీ తెచ్చి అరుగు మీద పోయండి. తుప్పు పట్టిన వాటికి కిరసనాయిలో, పాత ఇంజనాయిలో రాయండి. పక్కింట్లో ఉన్నవి అడిగి తెచ్చుకోండి, మీ దగ్గరున్న వాళ్లవి ఇచ్చేయండి. మోటారుది ఒక కుప్ప, నీళ్లది ఒక కుప్ప, చేనుది ఒక కుప్ప. కుప్పలు వేరయ్యాయంటే సగం పని అయినట్టే. మిగతా సగం వడ్రంగి చేస్తాడు.